పాట్ సమ్మిట్ టెనెసీ జట్టును ఎలా నిలబెట్టారు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి ఎప్పుడు మాట మొదలుపెట్టినా నేను చివరికి టెనెసీ అమ్మాయిల జట్టు దగ్గరికే వచ్చి ఆగుతాను. వినేవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే. 38 ఏళ్లు ఒకే యూనివర్సిటీలో, ఒకే జట్టుకు కోచ్‌గా ఉండి, ఏమీ లేని చోట అన్నీ సమకూర్చిన మనిషి కథ ఇది. రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, తీరిగ్గా జవాబులు రాశాను.

పాట్ సమ్మిట్ ఎవరు?

పూర్తి పేరు పాట్రీషియా స్యూ హెడ్. 1952 జూన్ 14న టెనెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో పుట్టారు. 1980లో పెళ్లయ్యాక సమ్మిట్ అయ్యారు. 1974 నుంచి 2012 దాకా నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల జట్టుకు హెడ్ కోచ్. ఆ జట్టును అందరూ లేడీ వాల్స్ అంటారు. నారింజ రంగు జెర్సీలు.

ఆమె గెలిచిన మ్యాచ్‌లు 1,098, ఓడినవి 208. జాతీయ టైటిళ్లు 8: 1987, 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. 38 సీజన్లలో ఒక్కసారి కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కాలేదు. నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ చివరి సంగతే. టైటిళ్లు గెలిచిన కోచ్‌లు ఇంకా ఉన్నారు. కానీ పిల్లలు నాలుగేళ్లకోసారి మారిపోయే కాలేజీ ఆటలో, అన్నేళ్లలో ఒక్క చెడ్డ ఏడాది కూడా లేకుండా నడపడం వేరే విద్య.

కాలేజీ ఆటలో “ప్రోగ్రామ్” అంటే ఏమిటి? జట్టు అంటే సరిపోదా?

సరిపోదు. జట్టు అంటే ఈ ఏడాది కోర్టులోకి దిగే పన్నెండు, పదమూడు మంది అమ్మాయిలు. ప్రోగ్రామ్ అంటే వాళ్ల వెనక ఉన్నదంతా. హైస్కూళ్లలో ఆడే పిల్లల్ని వెతికి, ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి ఒప్పించడం, స్కాలర్‌షిప్, చదువు, ప్రాక్టీస్ హాలు, ప్రయాణాలు, అసిస్టెంట్ కోచ్‌లు, టికెట్ కొని వచ్చే ఊరి జనం, డబ్బిచ్చే పూర్వ విద్యార్థులు, అన్నీ అందులోవే. అమ్మాయిలు నాలుగేళ్లు ఆడి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు, ప్రోగ్రామ్ మిగులుతుంది.

మన దగ్గర యూనివర్సిటీ టీమ్ అంటే టోర్నమెంట్‌కు రెండు వారాల ముందు సెలెక్షన్స్ పెట్టి పంపేది. అమెరికాలో పెద్ద కాలేజీ జట్టు అలా కాదు. మ్యాచ్ ఉన్న రోజు ఊరికి పండగే.

22 ఏళ్లకే హెడ్ కోచ్ ఎలా అయ్యారు?

అనుకోకుండా. 1974లో మార్టిన్ అనే ఊళ్లోని టెనెసీ యూనివర్సిటీ శాఖలో డిగ్రీ పూర్తయింది. నాక్స్‌విల్‌లో వ్యాయామ విద్యలో మాస్టర్స్ చేస్తూ మహిళల జట్టుకు సహాయకురాలిగా ఉండాలన్నది ఒప్పందం. ఈలోగా అప్పటి కోచ్ తప్పుకున్నారు. దాంతో సహాయకురాలిగా రావాల్సిన అమ్మాయే హెడ్ కోచ్ అయింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు అమ్మాయిలు ఆమెకంటే ఒక్క ఏడాదే చిన్న.

అదే సమయంలో ఆమె ఇంకో మూడు పనులు నెత్తిన వేసుకున్నారు. మాస్టర్స్ చదవాలి, వ్యాయామ విద్య క్లాసులు చెప్పాలి. మూడోది అన్నిటికంటే కష్టం. డిగ్రీ చివరి ఏడాది ఆటలో మోకాలి లిగమెంట్ తెగింది, దాన్ని బాగు చేసుకుని 1976 ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించాలి. ఆ రోజుల్లో ఆ దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టే లెక్క. ఆమె మాంట్రియల్ వెళ్లారు, జట్టుకు కో-కెప్టెన్‌గా ఆడారు, వెండి పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ పెట్టడం అదే మొదటిసారి.

మొదటి సీజన్ ఎలా గడిచింది?

1974 డిసెంబర్ 7న మొదటి మ్యాచ్. మెర్సర్ జట్టు చేతిలో 84-83తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడారు. మొదటి గెలుపు జనవరి 10న వచ్చింది, మిడిల్ టెనెసీపై 69-32. సీజన్ మొత్తం 16 గెలుపులు, 8 ఓటములు.

ఆ తొలి రోజుల్లో ఒక మ్యాచ్ చూడటానికి వచ్చింది 53 మందే. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అమ్మాయిల జెర్సీలు డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. మ్యాచ్ అయ్యాక వాటిని ఉతికేది కోచే. వ్యాన్ నడిపేది కోచే. వేరే ఊరికి ఆడటానికి వెళితే హోటల్‌కు డబ్బుల్లేక, అవతలి కాలేజీ జిమ్‌లోనే చాపల మీద పడుకున్న రాత్రులున్నాయి.

ఇలాంటి చోట 22 ఏళ్ల మనిషి సర్దుకుపోవడం సులువు. “ఉన్నదాంతో లాగిద్దాం” అనుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆమె సౌకర్యాల విషయంలో సర్దుకున్నారు గానీ, ఆట విషయంలో సర్దుకోలేదు. 53 మంది ముందు కూడా నిండు స్టేడియంలో ఆడినట్టే ఆడాలన్నది మొదటి రోజు నుంచీ పెట్టిన నియమం. నా దృష్టిలో ప్రోగ్రామ్‌కు పునాది పడింది అక్కడే. డబ్బు, స్టేడియం, టీవీ అన్నీ దాని మీద తర్వాత వచ్చాయి.

ఆ పట్టుదల ఎక్కడిది?

పొలం పని నుంచి వచ్చింది. ఆమెకు ముగ్గురు అన్నలు, ఒక చెల్లెలు. తండ్రి రిచర్డ్ హెడ్ మాటల మనిషి కాదు, పని మనిషి. పాడి ఆవులు, ఎండుగడ్డి, పొగాకు. ఆడపిల్ల కదా అని పనిలో ఆమెకు ఏ మినహాయింపూ లేదు. రోజంతా పని చేసి, రాత్రి గడ్డివాము పెట్టే అటకమీద ఒక కొసన బిగించిన రింగ్ దగ్గర అన్నలతో బాస్కెట్‌బాల్ ఆడేవారు. అన్నలు తోస్తే పడాలి, లేవాలి, మళ్లీ ఆడాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఈ బతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. క్లార్క్స్‌విల్ చుట్టుపక్కల పండేది పొగబెట్టి ఆరబెట్టే నల్ల పొగాకు, మన దగ్గర బ్యారన్లలో కాల్చేది వర్జీనియా. రకం వేరైనా ఆకు కొట్టే రోజుల్లో ఇంటిల్లిపాదీ పొలంలో ఉండాల్సిందే. ఆవులకు సెలవు ఉండదు, ఆకు మన ఒంట్లో బాగుందా లేదా అని ఆగదు.

తండ్రి గురించి ఇంకో మాట చెప్పాలి. క్లార్క్స్‌విల్‌లో ఆమె వెళ్లాల్సిన హైస్కూల్లో అమ్మాయిల జట్టు లేదు. ఆయన ఇంటినే పక్క కౌంటీలోని హెన్రియెటాకు మార్చేశారు, కూతురు బాస్కెట్‌బాల్ ఆడుకోవడానికి. ముగ్గురు కొడుకులున్న 1960ల రైతు, కూతురి ఆట కోసం కాపురం మార్చారు. కాలేజీలోనూ అమ్మాయిలకు క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు, అన్నలకు దొరికిన ఆ వీలు ఆమెకు లేకపోవడంతో ఫీజులు తల్లిదండ్రులే కట్టారు. ఈ కథలో నేను కోచ్‌కు ఎంత రుణపడతానో ఆ తండ్రికీ అంతే.

అమెరికా చట్టం మారింది కాబట్టే ఇదంతా జరిగిందంటారు. నిజమా?

సగం నిజం. 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడా మగా తేడా చూపకూడదని దాని సారం. క్రీడలకూ అది వర్తించింది. అది లేకపోతే స్కాలర్‌షిప్‌లు లేవు, ప్రయాణాలకు డబ్బు లేదు. అందులో సందేహం లేదు.

అయితే చట్టం టెనెసీ ఒక్కదానికే రాలేదు, దేశంలో ప్రతి కాలేజీకీ వచ్చింది. చట్టం తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లి ఇల్లు సర్దుకునే పని మనిషిది. టెనెసీకి ఇంకో మేలు కూడా జరిగింది. అక్కడ మహిళల క్రీడలకు చాలా ఏళ్లు విడిగా ఒక విభాగం, దానికి విడిగా డైరెక్టర్ ఉండేవారు. డబ్బు కోసం పురుషుల జట్ల వెనక వరసలో నిలబడాల్సిన అవసరం తగ్గింది. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, ప్రోగ్రామ్ కట్టాలంటే ఇలాంటి ఆఫీసు ఏర్పాట్లే ప్రాణం.

ఆరుగురు ఆడే బాస్కెట్‌బాల్ అని ఏదో విన్నాం. అదేమిటి?

నమ్మశక్యంగా ఉండదు గానీ నిజం. అప్పట్లో టెనెసీ హైస్కూళ్లలో అమ్మాయిలు ఐదుగురితో కాదు, ఆరుగురితో ఆడేవారు. ముగ్గురు కోర్టులో ఒక సగంలోనే ఉండి షాట్లు వేయాలి. మిగతా ముగ్గురు రెండో సగంలోనే ఉండి అడ్డుకోవాలి. మధ్య గీత దాటకూడదు. ఆడపిల్లలు కోర్టు పొడవునా పరుగెత్తలేరన్నది దాని వెనక ఉన్న నమ్మకం. డిఫెన్స్‌లో ఆడే అమ్మాయి హైస్కూల్ మొత్తంలో ఒక్క షాట్ కూడా వేయకుండానే చదువు ముగించేది.

అలాంటి పిల్ల కాలేజీకి వస్తే ఐదుగురి ఆట మొదటి నుంచి నేర్పాలి. సమ్మిట్ ఆ పద్ధతిని బాహాటంగా వ్యతిరేకించారు. ఆరుగురి ఆట ఆడిన సొంత రాష్ట్రం అమ్మాయిల్ని తీసుకోనని చెప్పేశారు. సొంత గడ్డ మీద, సొంత అభిమానుల ముందు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. 1979లో టెనెసీ ఐదుగురి ఆటకు మారింది. తన జట్టుకు రాబోయే పిల్లల కోసం ఆమె ముందుగా రాష్ట్రంలో ఆటనే సరిచేయించారు.

అంత గొప్ప కోచ్ అయితే మొదటి టైటిల్‌కు 13 సీజన్లు ఎందుకు పట్టింది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఆ 13 ఏళ్లు చూస్తేనే ప్రోగ్రామ్ ఎలా కట్టారో అర్థమవుతుంది.

1980లో ఫైనల్ చేరారు, ఓల్డ్ డొమినియన్ చేతిలో ఓడారు. 1981లో మళ్లీ ఫైనల్, లూసియానా టెక్ చేతిలో ఓటమి. 1982 నుంచి మహిళల టోర్నమెంట్‌ను ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం, నడపడం మొదలైంది. 1984లో ఫైనల్‌కు వచ్చి షెరిల్ మిల్లర్ ఆడిన సదరన్ కాలిఫోర్నియా చేతిలో ఓడారు. అదే ఏడాది వేసవిలో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టు కోచ్‌గా వెళ్లి, ఫైనల్లో దక్షిణ కొరియాను 85-55తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ప్రపంచాన్ని గెలిచిన మనిషికి తన కాలేజీ టైటిల్ మాత్రం చిక్కలేదు. “పెద్ద మ్యాచ్ గెలవలేదు” అన్న మాట పడాల్సివచ్చింది.

ఆమె ఆ ఏళ్లలో కోచ్‌గా మారుతూ వచ్చారు. మొదట్లో అంతా తానే, అరుపే మార్గం. తర్వాత బలమైన అసిస్టెంట్లను తెచ్చుకున్నారు. 1985లో మికీ డిమాస్ వచ్చారు, పిల్లలతో కలిసిపోయే మనిషి, రిక్రూటింగ్‌లో, అంటే మంచి ఆటగత్తెలను వెతికి ఒప్పించి తేవడంలో దిట్ట. ఒకప్పుడు తన దగ్గరే పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే స్థానంలో ఆడిన హోలీ వార్లిక్ కూడా అదే ఏడాది అసిస్టెంట్‌గా చేరారు. కోచ్ మండిపడితే అమ్మాయిలు వీళ్ల దగ్గరికి వెళ్లి కుదుటపడేవారు. ఒకే మనిషి తిట్టడమూ, ఓదార్చడమూ రెండూ చేయలేనని గుర్తించడం చిన్న విషయం కాదు.

1987లో ఫైనల్. ఎదురుగా మళ్లీ లూసియానా టెక్. ఈసారి 67-44. 44 పాయింట్ల దగ్గర అవతలి జట్టును ఆపారంటే అది డిఫెన్స్‌తో గెలిచిన టైటిల్.

ప్రాక్టీస్ ఎలా ఉండేది?

ఒళ్లు హూనమయ్యేది. షాట్లు ఎవరైనా ఇష్టంగా ప్రాక్టీస్ చేస్తారు. ఆమె సమయం ఎక్కువగా డిఫెన్స్ మీద, రీబౌండ్ (షాట్ తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం) మీద గడిచేది. షాట్ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు, కానీ కాళ్లు కదపడం, బంతి కోసం పైకి లేవడం రోజూ మన చేతిలో ఉన్న పని అన్నది ఆమె పద్ధతి. ప్రాక్టీస్‌లో అమ్మాయిలకు ఎదురుగా కాలేజీ అబ్బాయిల్ని నిలబెట్టేవారు. తమకంటే ఎత్తు, వేగం ఉన్నవాళ్లతో రోజూ ఆడితే మ్యాచ్‌లో ఎదురయ్యేవాళ్లు తేలికగా అనిపిస్తారు.

తొలి ఏళ్లలో ఒకసారి అమ్మాయిలు ముందు రోజు రాత్రి పార్టీ చేసుకున్నారని తెలిసింది. మర్నాడు కోర్టు నాలుగు మూలలా నాలుగు చెత్త డబ్బాలు పెట్టించి, కడుపులో ఉన్నది బయటికి వచ్చేదాకా పరుగెత్తించారు.

నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. కోచ్ తప్పు చెప్పినప్పుడు అమ్మాయి “రీబౌండ్” అనాలి. మెచ్చుకున్నప్పుడు “రెండు పాయింట్లు” అనాలి. అలా అంటేనే విన్నట్టు. తలవంచుకుని గొణిగితే కుదరదు, కళ్లలోకి చూసి చెప్పాలి. ఆమె నీలి కళ్ల చూపుకు తట్టుకోవడమే పెద్ద పరీక్ష అని ఆమె దగ్గర ఆడినవాళ్లంతా ఒప్పుకుంటారు. కానీ తప్పు చెబితే ముడుచుకుపోకుండా, మెచ్చుకోలును మింగేయకుండా రెండిటికీ గొంతెత్తి బదులివ్వడం 18 ఏళ్ల పిల్లకు నేర్పడం ఎంత విలువైనదో ఆలోచించండి.

ఇవన్నీ పన్నెండు సూత్రాలుగా రాసి పెట్టుకున్నారు. అందులో మొదటిది నిన్ను నువ్వూ ఇతరులనూ గౌరవించమనేది. చివరిది గెలుపునూ ఓటమినీ ఒకేలా తీసుకోమనేది. మధ్యలో మార్పు తప్పదన్న సూత్రం కూడా ఉంది, తన మీద తానే ముందుగా ప్రయోగించుకున్న సూత్రం అది.

చదువు సంగతేమిటి? క్రీడాకారులు పేరుకే చదువుతారు కదా?

ఆమె దగ్గర కాదు. క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. క్లాసు ఎగ్గొడితే మ్యాచ్ లేదు. ఎంత పెద్ద స్టార్ అయినా అంతే.

ఫలితం చూడండి: టెనెసీలో తన ఆట గడువు పూర్తిచేసిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తీసుకుంది. నూటికి నూరు. 8 టైటిళ్ల కంటే ఈ లెక్కే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇది అదృష్టంతో రాదు, ఒక మంచి బ్యాచ్‌తో రాదు. 38 ఏళ్లపాటు ప్రతి పిల్ల విషయంలో ఎవరో ఒకరు పట్టించుకుంటేనే వస్తుంది. అమ్మాయిని టెనెసీకి పంపడానికి ఒప్పుకున్న తల్లులకు, అమ్మమ్మలకు నమ్మకం కుదిరింది కూడా దీనివల్లే.

మంచి ఆటగత్తెలను ఎలా ఒప్పించి తెచ్చుకునేవారు?

ఇళ్లకు వెళ్లి. అబద్ధం చెప్పకుండా. నీకు మొదటి రోజే చోటు ఇస్తాననే మాట కాదు, నా దగ్గర కష్టపడాల్సి వస్తుందనే మాట చెప్పి.

న్యూయార్క్ క్వీన్స్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగిన షమీక్ హోల్డ్స్‌క్లా టెనెసీ వైపు మొగ్గడానికి ఆ అమ్మమ్మే పెద్ద కారణం. మనవరాలికి క్రమశిక్షణ కావాలని ఆమె కోరుకున్నారు. షమీక్ వచ్చి 1996, 1997, 1998 మూడు టైటిళ్లూ గెలిచింది.

అన్నిటికంటే విచిత్రమైన కథ మిషెల్ మార్సినియాక్‌ది. 1990 సెప్టెంబర్. సమ్మిట్ నిండు గర్భిణి. అయినా మికీ డిమాస్‌తో కలిసి చిన్న విమానంలో పెన్సిల్వేనియా వెళ్లారు, మిషెల్ ఇంట్లో మాట్లాడటానికి. అక్కడే ఉమ్మనీరు పోయింది. ఆమె ఆసుపత్రికి వెళ్లనన్నారు, బిడ్డ టెనెసీలోనే పుట్టాలని పట్టుబట్టారు. తిరుగు ప్రయాణంలో వర్జీనియాలో దిగుదామని పైలట్లు అంటే ససేమిరా అన్నారు. దానికో కారణం ఉంది. ఆ ఏడాది ఫైనల్ ఫోర్, అంటే టోర్నమెంట్‌లో చివరికి మిగిలిన నాలుగు జట్ల పోటీ, జరిగింది నాక్స్‌విల్‌లో, సొంత ఊళ్లో. అక్కడికి చేరకుండా అదనపు సమయంలో టెనెసీని ఓడించిన జట్టు వర్జీనియా. ఆ రాష్ట్రంలో తన బిడ్డ పుట్టడానికి వీల్లేదు! కొడుకు టైలర్ నాక్స్‌విల్‌లోనే క్షేమంగా పుట్టాడు. తర్వాతి ఏడాది ఫైనల్లో టెనెసీ అదే వర్జీనియాను, అదీ అదనపు సమయంలోనే, 70-67తో ఓడించింది.

ఇంత చేసినా మిషెల్ మొదట నోటర్‌డామ్‌లో చేరింది. ఒక్క ఏడాదికే టెనెసీకి మారింది. 1996 ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆ అమ్మాయే.

39-0 సీజన్ గురించి చెప్పండి. అదే ఆమె జట్లలో ఉత్తమమైనదా?

1997-98 జట్టు 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచింది. ఫైనల్లో లూసియానా టెక్‌పై 93-75. హోల్డ్స్‌క్లాకు తోడు కొత్తగా వచ్చిన టమీకా క్యాచింగ్స్, సమీకా రాండాల్ ఉన్నారు. ముగ్గురి పేర్లలోనూ అదే ధ్వని కాబట్టి “మీక్స్” అని పిలిచేవారు. ఆ ఏడాది చేరిన కొత్త అమ్మాయిలు ఎంత వేగంగా ఆడేవారంటే, కోచ్ కూడా తన పద్ధతి కాస్త సడలించి వాళ్లను పరుగెత్తనిచ్చారు.

క్యాచింగ్స్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న పిల్ల. చిన్నప్పుడు తోటివాళ్లు ఏడిపిస్తే వినికిడి యంత్రం పక్కన పడేసింది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం లేదని నచ్చజెప్పి మళ్లీ పెట్టించింది సమ్మిట్. బయటికి కనిపించే అరుపుల వెనక ఇలాంటివి ఎన్నో ఉన్నాయి.

ఇక ఉత్తమ జట్టు ఏదంటే, నా ఓటు దాని ముందు ఏడాదికి. 1996-97 జట్టు 10 మ్యాచ్‌లు ఓడింది. 10 ఓటముల జట్టు టైటిల్ గెలుస్తుందని ఎవరూ అనుకోరు. ఆ పిల్లలు మార్చి నెల వచ్చేసరికి కుదురుకుని ఫైనల్లో ఓల్డ్ డొమినియన్‌ను 68-59తో ఓడించారు. ఎదురులేని జట్టును నడపడం ఒక ఎత్తు. జనవరిలో చెల్లాచెదురైన జట్టును మార్చికల్లా చాంపియన్ చేయడం, అదీ కోచ్ పని అంటే.

యూకాన్‌తో గొడవేమిటి?

కనెక్టికట్ యూనివర్సిటీ, కోచ్ జీనో ఆరియెమా. 1995 జనవరిలో రెండు జట్లూ మొదటిసారి తలపడ్డాయి, యూకాన్ గెలిచింది. అదే ఏడాది ఫైనల్లోనూ 70-64తో గెలిచి 35-0తో సీజన్ ముగించింది. అక్కడి నుంచి దేశంలో మహిళల బాస్కెట్‌బాల్ అంటే ఈ రెండు జట్ల మ్యాచే. 2007 దాకా 22 సార్లు ఆడారు. యూకాన్ 13, టెనెసీ 9. తర్వాత టెనెసీ ఆ మ్యాచ్‌లు ఆపేసింది, 2020లో గానీ మళ్లీ మొదలు కాలేదు.

ఇద్దరి మధ్య మాటలు పడిన రోజులున్నాయి. కానీ సమ్మిట్‌కు అల్జీమర్స్ జబ్బని బయటపడి, ఆమె ఫౌండేషన్ పెట్టినప్పుడు ఆరియెమా 10,000 డాలర్లు పంపారు. మహిళల ఆటను టీవీలోకి తెచ్చింది ఈ పోటీయే. ఒక్కరే గొప్పగా ఉంటే ఆట పెరగదు.

మొదట 53 మంది అన్నారు. చివరికి?

2006 జనవరిలో యూకాన్‌తో మ్యాచ్‌కు థాంప్సన్-బోలింగ్ అరీనాలో కూర్చున్నవాళ్లు 24,000కు పైనే.

పురుషుల జట్టుకు కోచ్‌గా ఎందుకు వెళ్లలేదు?

టెనెసీ పురుషుల జట్టు గురించి ఆమెను రెండుసార్లు కదిపారు. వద్దన్నారు. అది పైమెట్టు అని ఎందుకు అనుకోవాలన్నది ఆమె ప్రశ్న. 2005లో 880వ గెలుపుతో పురుషుల కోచ్ డీన్ స్మిత్ రికార్డును దాటారు, అరీనా కోర్టుకు “ది సమ్మిట్” అని ఆమె పేరు పెట్టారు. మరుసటి ఏడాది జీతం పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో అదే మొదలు. నెలకు 250 నుంచి అక్కడిదాకా తన జట్టును వదలకుండానే వచ్చారు.

మరీ కఠినం కాదా? ఈ రోజుల్లో అలా కుదురుతుందా?

చెత్త డబ్బాల కథ నేటి కాలేజీలో జరిగితే విచారణ కమిటీ వేస్తారు, వేయాలి కూడా. ఆ వయసులో తాను అతి చేశానని ఆమె కూడా తర్వాత ఒప్పుకున్నారు. నేను ఆ పద్ధతులన్నిటినీ సమర్థించను.

కానీ ఒకటి గమనించాను. ఆమె చేత తిట్లు తిన్న అమ్మాయిలు పెద్దయ్యాక ఆమె ఇంటికే వచ్చేవారు. అవమానించడానికి తిట్టే కోచ్‌కూ, నీలో ఇంకా ఉందని తెలిసి గట్టిగా అడిగే కోచ్‌కూ తేడా పిల్లలకు తెలుస్తుంది. కోర్టు దిగాక వాళ్ల కుటుంబం, చదువు, ఆరోగ్యం అన్నీ ఆమెకు కావాలి. ఈ పట్టింపు లేకుండా తిట్టడం మాత్రమే నేర్చుకున్న కోచ్‌లను మన ఊళ్లలోనూ చూశాను. వాళ్ల దగ్గర పిల్లలు ఆట మానేస్తారు.

1998 తర్వాత తొమ్మిదేళ్లు టైటిల్ లేదు. మళ్లీ ఎలా వచ్చింది?

క్యాండేస్ పార్కర్ అనే ఆటగత్తెతో. 2007 ఫైనల్లో రట్గర్స్‌పై 59-46. 2008లో ఇంకా కష్టపడాల్సివచ్చింది. పార్కర్ భుజం స్థానం తప్పింది, అయినా ఆడింది. సెమీఫైనల్లో లూసియానా స్టేట్ యూనివర్సిటీపై 47-46తో బయటపడ్డారు. 0.7 సెకన్లు ఉండగా అలెక్సిస్ హార్న్‌బకిల్ బంతిని రింగ్‌లోకి తోసింది, అదీ తోటి అమ్మాయి షాట్ తప్పితే ఎగిరి అందుకుని. రీబౌండ్ కోసం వేల గంటలు చేయించిన కోచ్‌కు దక్కాల్సిన గెలుపే అది. ఫైనల్లో స్టాన్‌ఫర్డ్‌పై 64-48. అదే ఆమె ఆఖరి టైటిల్. మరుసటి ఏడాది 1,000వ గెలుపు వచ్చింది, అదే సీజన్లో మొదటిసారి టోర్నమెంట్ తొలి రౌండ్‌లోనే బాల్ స్టేట్ చేతిలో ఓడారు కూడా.

ఎందుకు తప్పుకున్నారు?

అల్జీమర్స్. 2011లో మేయో క్లినిక్‌లో తేలింది, ఆగస్టులో ఆమే బయటికి చెప్పారు. వయసు 59. వందల మ్యాచ్‌ల ఎత్తుగడలు తలలో పెట్టుకున్న మనిషికి మతిమరుపు జబ్బు.

దాచుకోవచ్చు, దాచలేదు. ఆ సీజన్ కూడా కోచ్‌గానే కొనసాగారు, కోర్టు పక్కన ఎక్కువ భారం హోలీ వార్లిక్ మోశారు. జట్టు 27 గెలిచి 9 ఓడింది. అజేయంగా సాగిన బేలర్ చేతిలో టోర్నమెంట్ నుంచి నిష్క్రమించింది. ఆ ఏడాదితో నాలుగేళ్లు ముగిసిన అమ్మాయిలు ఫైనల్ ఫోర్ చూడకుండానే వెళ్లిపోయారు. అది వార్త అయిందంటేనే తెలుస్తుంది, అంతకుముందు ఆమె దగ్గర నాలుగేళ్లు ఆడిన ప్రతి అమ్మాయీ కనీసం ఒక్కసారి అక్కడికి చేరింది మరి.

2012 ఏప్రిల్ 18న పదవి వదిలారు. మే నెలలో అధ్యక్షుడు ఒబామా అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు. అల్జీమర్స్ పరిశోధనకు తన పేరిట పెట్టిన ఫౌండేషన్ కోసం ఒంట్లో శక్తి ఉన్నంతకాలం తిరిగారు. 2016 జూన్ 28న నాక్స్‌విల్‌లో కన్నుమూశారు. 64 ఏళ్లు.

ఆమె తర్వాత ప్రోగ్రామ్ నిలిచిందా? రికార్డు ఇంకా ఆమెదేనా?

రికార్డు కాదు. 2020 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డర్వీర్ 1,099వ గెలుపుతో దాటారు, తర్వాత ఆరియెమా ఆమెనూ దాటారు.

ప్రోగ్రామ్ విషయంలో నిజాయితీగా చెప్పాలంటే, నిలిచింది గానీ ఆ ఎత్తులో కాదు. 2012లో వార్లిక్, 2019లో కెలీ హార్పర్ కోచ్‌లయ్యారు. ఇద్దరూ ఆమె దగ్గర ఆడినవాళ్లే. 2024లో కిమ్ కాల్డ్‌వెల్ వచ్చారు. 2008 తర్వాత 2025 దాకా ఫైనల్ ఫోర్ లేదు. అయితే 1982 నుంచి 2025 దాకా జరిగిన ప్రతి ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంట్‌లోనూ ఆడిన జట్టు టెనెసీ ఒక్కటే.

కట్టిన మనిషి పోయాక కట్టడం కుంగిందని కొందరంటారు. నాకు అలా అనిపించదు. పోటీ పెరగడానికి కారణం ఆమే. 1991 ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన వర్జీనియా పాయింట్ గార్డ్ డాన్ స్టేలీ ఇవాళ సౌత్ కరోలినాను టైటిళ్ల జట్టుగా మార్చారు. ఆమె దగ్గర ఆడిన అమ్మాయిలు ఎందరో దేశమంతటా కోచ్‌లయ్యారు. 1974లో బలమైన మహిళల జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇప్పుడు ఎన్నో.

నాక్స్‌విల్ వెళ్తే చూడటానికి ఏముంది?

స్మోకీ మౌంటెన్స్ చూడ్డానికి గ్యాట్లిన్‌బర్గ్ వెళ్లే తెలుగు కుటుంబాలు చాలా. అక్కడి నుంచి నాక్స్‌విల్ గంట దూరం. ఇంట్లో బంతి పట్టుకునే ఆడపిల్ల ఉంటే ఒక పూట ఆగండి. క్యాంపస్‌లో ఆమె కంచు విగ్రహం ఉన్న ప్లాజా ఉంది. దగ్గర్లోనే అరీనా, ఇప్పుడు దాన్ని ఫుడ్ సిటీ సెంటర్ అంటున్నారు, కోర్టు పేరు మాత్రం “ది సమ్మిట్”. ఊళ్లోనే మహిళల బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, పైకప్పు మీద పెద్ద బాస్కెట్‌బాల్‌తో దూరం నుంచే కనిపిస్తుంది. మ్యాచ్ చూడాలంటే నవంబర్ నుంచి మార్చి లోపు వెళ్లండి. నారింజ రంగు చొక్కా వేసుకుంటే పక్క సీటు పెద్దావిడ మీకు పాట్ కథలు తనంతట తనే చెబుతుంది.